బేరము: మాట పుట్టుక, దాని మర్మము

బేరమను మాట నోట రాని దినము రైతునకు అరుదు. ఎద్దులు కొన్నను, శెనక్కాయ అమ్మినను, చీనీతోటను గుత్తకిచ్చినను మొదట వచ్చునది ఈ మాటయే. బత్తలపల్లి ప్రాంతపు రైతులతో మేము పంటలను గూర్చి ముచ్చటించునప్పుడు మాట తుదకు దీనియొద్దకే చేరుచుండును. కావున దీని పుట్టుకను కొంత విచారింపదలచితిమి.

ప్రకృతి వికృతులు వల్లించినవారికి వ్యాపారము, బేరము అను జంట జ్ఞాపకముండును. దీనికి తోబుట్టువువంటిది వ్యవహారము, బేహారము అను జంట. బేహారి యనగా వర్తకుడు. అరవమునను బేరమును పేరం అందురు. సంస్కృతమున వ్యాపారమనగా మొదట పని, పూనిక యనియే అర్థము. క్రయవిక్రయముల అర్థము పిమ్మట బలపడినది. వ్యవహారమన్ననో, ధర్మశాస్త్రములలో వ్యాజ్యమునకు సయితము పేరు. బేరము చెడిన వ్యాజ్యమగునని మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. మన సీమలో బ్యారమని పలుకుదురు. అందు "వ్యా" నేటికిని నిలిచియున్నదని మురియువారు కలరు గాని, మేకను మ్యాక యనువారము మనము. ఆ సాక్ష్యము చెల్లదు.

మరియొక వింత. త్రాడు తెగిన చెడినట్లు. బేరము తెగిన కుదిరినట్లు. ఇరువురి పట్టుదలల నడుమ ధర ఒకచోట తెగినప్పుడే సరకు చేతులు మారును.

బేరము తెగిన వెంటనే చేతబెట్టు సొమ్మును పెద్దలు సంచకారమనెడివారు. నేడు బయానా, అడ్వాన్సు అనుచున్నారు. సంస్కృతమున దీనికి సత్యంకారమని పేరు, అనగా మాటను సత్యము చేయునది. ఇట్లిచ్చిన సొమ్మును తీసికొని మాట తప్పినవాడు రెట్టింపు చెల్లింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. తోటలను గుత్తకిచ్చి, కొంత అడ్వాన్సు పుచ్చుకొని, ధర పడిపోగానే కొనువాడు కంటికి కనబడకపోగా కాయలు రాలుచుండ చూచు రైతులకు ఈ విధి రుచించును. వ్రాతమూలకమగు కరారు లేనిచో ఏ స్మృతియు ఆదుకొనదు.

దళారి యను మాట అరబ్బీనుండి వచ్చినది. దాని మూలార్థము దారిచూపువాడు. ఎవరికి దారి చూపునో అడిగి తెలిసికొనుట మంచిది.

పశువుల సంతలలో పైపంచ క్రింద చేతులు కలిపి వ్రేళ్లు పట్టి ధర తేల్చు ఆచారమును అందరెరుగుదురు. పరుల ఎదుట ధర వెల్లడి కాకుండుట దాని ఉద్దేశము. తన ఎద్దుల ధర తానే మాటాడుకొనువానికి ఇందు కీడు కొంచెమే. ధాన్యపు మండీలలో అట్లు కాదు. అచ్చట పంచ క్రింద నుండునవి దళారి చేయియు వర్తకుని చేయియు. రైతు వెలుపల నిలిచి చూచును. 1928లో వెలువడిన రాజకీయ వ్యవసాయ సంఘపు నివేదిక సయితము ఈ పద్ధతిని తప్పుపట్టినది. బైబిలునందు అబ్రాహాము ఎఫ్రోనునొద్ద మక్పేలా పొలమును, అందలి గుహను కొన్న కథ కలదు. ఊరి గవినియొద్ద అందరును వినుచుండగా ధర పలికి, వారి ఎదుటనే 400 తులముల వెండి తూచి ఇచ్చెను. పంచ అక్కరలేకపోయినది.

మన ప్రాంతము మద్రాసు రాజధానిలో నున్నప్పుడు 1933లో వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టము వచ్చెను; పిమ్మట ఆంధ్రప్రదేశమున 1966లో వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చెను. 2016లో ఈ-నామ్ అను విద్యుత్ వేలము ప్రారంభమైనది. ధర వెల్లడి యగుటకు దారులు ఏర్పడినవి. అయినను తూకమున కొరత మిగిలియున్నది. చీనీకాయల అమ్మకమున టన్నుకు ఇంతయని "సూటు" తీయుట దీనికి నిదర్శనము. ధర హెచ్చు పలికి సూటుతో దానిని లాగుకొనువాడు తక్కువ పలికినవానికంటె లాభము పొందును. కనుక సూటు ఎంతయో తేలక ధర యొప్పుకొనరాదు. సూటే లేనిచో మరియు మేలు.

శెనక్కాయ విషయమున ఒక చిన్న పరీక్ష ఇంటనే చేయవచ్చును. కుప్పలో నాలుగైదు చోట్లనుండి కాయలు తీసి కలిపి, అందు 100 గ్రాములు తూచి, ఒలిచి, గింజలను మరల తూచవలెను. బాగుగా నిండిన కాయకు 70 గ్రాముల గింజ వచ్చును. 60 గ్రాములే వచ్చినచో కొనువాడు తగ్గించి అడుగుటకు కారణము కలదు. 70 వచ్చినచో లేదు. కాయలను ఊపి చూడగా లోన గింజ గలగలలాడవలెను. తేమ నూటికి 8 పాళ్లు మించరాదు. ఆ లెక్కను ఒక చీటిపై వ్రాసికొని, బండి కట్టకముందే సంఘపు కాంటాపై బస్తాలు తూచి, ఆ తూకమును గూడ ఆ చీటిలోనే చేర్చుకొని బయలుదేరుడు.