మీకు తెలుసా? బుడతల సైకిల్ హెల్మెట్

సైకిల్ నేర్చుకునే పిల్లల హెల్మెట్‌కు వయసు కాదు, తల చుట్టుకొలత ముఖ్యం. కనుబొమలకు కాస్త పైన టేపు చుట్టి కొలిచి, అట్టపెట్టె మీది సెంటీమీటర్లతో సరిచూసుకోవాలి. బట్టలకు చేసినట్టు ‘ఎదుగుతాడులే’ అని పెద్ద సైజు కొనడం ప్రమాదం: పడేటప్పుడు అది వెనక్కి జారిపోతే నుదుటికి రక్షణ ఉండదు.

ముందు అంచుకూ కనుబొమలకూ మధ్య రెండు వేళ్ల ఎడం చాలు. పక్క పట్టీలు చెవుల కింద కలవాలి. గడ్డం కింది పట్టీలో ఒక వేలు, మహా అయితే రెండు దూరాలి. నడినెత్తిన పిలక కడితే ఏ హెల్మెటూ కుదురుగా కూర్చోదు. జడను మెడ దగ్గరికి దించి అల్లాలి.

లోపలి పొర థర్మోకోల్ జాతి నురుగు. అది తాను నలిగి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. అందుకే ఒకసారి గట్టిగా తగిలాక, పైకి పగులు కనిపించకపోయినా మార్చేయాలి. గుంటూరు, ప్రకాశం ఎండలకు గాలి రంధ్రాలు ఎక్కువున్నదే మేలు. ఉక్కపోస్తే పిల్లలు తీసి హ్యాండిల్‌కు తగిలించేస్తారు. మిరప టిక్కీల ట్రాక్టర్లు తిరిగే రోడ్డు పక్కన ముదురు రంగు కన్నా పసుపు, నారింజ రంగులు దూరానికి బాగా కనిపిస్తాయి.

మోటార్ సైకిల్ సంగతి వేరు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం, బండి మీద నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. దానిపై ఐఎస్ఐ ముద్ర చూసి కొనాలి. సైకిల్ దిగి చెట్టెక్కేటప్పుడు, ఉయ్యాల ఊగేటప్పుడు మాత్రం హెల్మెట్ తీసేయాలి. పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే గొంతు బిగుసుకుంటుంది.