గడియ నున్నదనం

ఢిల్లీ దక్షిణపు కొసన, తుగ్లకాబాదు ప్రాంతంలో డాక్టర్ కర్ణీసింగ్ షూటింగ్ రేంజి ఉన్నది. 1982 ఆసియా క్రీడల కోసం నిర్మించి, 2010 కామన్వెల్త్ క్రీడలకు ముందు తీర్చిదిద్దిన ప్రాంగణమిది. యాభై మీటర్ల రైఫిల్ పోటీని ఇక్కడ తొలిసారి చూసేవారిని ఆకట్టుకునేది తూటా పేలుడు కాదు, దాని వెనువెంటనే వినిపించే చిన్న లోహధ్వని. షూటర్ చేయి ఒక్కటి కదులుతుంది. ఖాళీ గుల్ల బయటికి దూకుతుంది. కొత్త తూటా లోపలికి పోతుంది. తక్కిన దేహం శిలవలె నిశ్చలంగా ఉంటుంది.

ఆ ధ్వని బోల్టుది. మన పాత ఇళ్ల తలుపు గడియను జ్ఞాపకం చేసుకుంటే బోల్టు సంగతి సులభంగా బోధపడుతుంది. గడియను ముందుకు తోసి, పిడిని కిందికి వాల్చితే తలుపు బిగుస్తుంది. రైఫిల్‌లోనూ అంతే. ఉక్కు కడ్డీ ఒకటి తూటాను గొట్టం మొదట ఉన్న గదిలోకి నెట్టి, పిడి వాలగానే తన చెవులవంటి భాగాలను గాళ్లలో ఇరికించుకుంటుంది. పేలుడు వాయువుల ఒత్తిడినంతా ఆ చెవులే భరిస్తాయి. వాటి వెనుక ఉండేది షూటర్ ముఖం. ఈ సంగతి మరిచిపోరాదు.

పోటీలో అర్హత ఘట్టానికి అరవై తూటాలు. మోకాలిపై, బోర్లా పడుకుని, నిలుచుని ఇరవై చొప్పున కాల్చాలి. యాభై మీటర్ల దూరాన పది మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. బోల్టు ఎక్కడైనా పట్టుకున్నదా, దాన్ని లాగడానికి భుజం కదులుతుంది. భుజం కదిలితే కుదిరిన భంగిమ చెదురుతుంది. మళ్లీ కుదుర్చుకునేసరికి కాలం గడిచిపోతుంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2010లో ఇదే తుగ్లకాబాదులో నాలుగు స్వర్ణపతకాలు గెలిచాడు. అందులో రెండు ఈ యాభై మీటర్ల మూడు భంగిమల పోటీలోవే. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో స్వప్నిల్ కుశాలె కాంస్యం సాధించినదీ ఈ పోటీలోనే.

నున్నని బోల్టు పట్ల మోజు క్రీడాకారులతో పుట్టినది కాదు. మన పోలీసు ఠాణాలలో తరాల తరబడి కనిపించిన .303 లీ-ఎన్‌ఫీల్డ్‌కు ఆ పేరు తెచ్చినది దాని బోల్టే. పిడిని కొద్దిగా తిప్పితే చాలు, వెనుకకు జారివచ్చేది. నిమిషానికి పదిహేను గురితప్పని గుండ్లు కాల్చాలని బ్రిటిష్ సైన్యం మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు తన సిపాయిలకు శిక్షణ ఇచ్చేది. బెంగాలులోని ఈశాపూర్ కర్మాగారంలో తయారైన ఈ రైఫిళ్లతోనే మన సైన్యం 1962లో చైనాను ఎదుర్కొన్నది. ఢిల్లీని ఆనుకున్న నోయిడా, ఘాజియాబాదులు ఉన్న ఉత్తరప్రదేశ్‌లో పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దానికి వీడ్కోలు పలికారు. ఏళ్ల తరబడి వాడిన .303 బోల్టు వెన్నలా జారేదని పాతవారు చెప్పుకునేవారు. దానికి ఎవరూ మెరుగు పెట్టలేదు. వేలసార్లు జరిగిన రాపిడే సాన పట్టినది.

ఇక్కడే కొత్తగా రైఫిల్ కొన్నవారికి ఒక ఆలోచన తడుతుంది. ఏళ్ల తరబడి జరిగే పనిని ఒక ఆదివారం మధ్యాహ్నం ఉప్పుకాగితంతో ముగించరాదా?

బోల్టు బిగువుగా ఉన్నదనుకున్న ప్రతిసారీ లోపం ఉక్కుది కాదు. ఢిల్లీ వాసులకు ఈ మాట విశేషంగా వర్తిస్తుంది. మే, జూన్ నెలల దుమ్ముగాలి మూసిన అలమరలోకీ చొరబడుతుంది. నూనె మరీ ఎక్కువగా పూసిన బోల్టుపై ఆ దుమ్ము పేరుకుంటే తయారయ్యేది సాక్షాత్తూ సానముద్ద. అది నున్న చేయదు, కొరుకుతుంది. జనవరి చలిలో చిక్కని నూనె మరింత చిక్కబడి, బోల్టు బరువెక్కినట్లు తోస్తుంది. వానాకాలపు తేమ తుప్పు తెస్తుంది. అందుచేత మొదటి మందు ఉప్పుకాగితం కాదు, పాత నూలుగుడ్డ. రైఫిల్ ఖాళీగా ఉన్నదని కంటితోనూ వేలితోనూ రూఢి చేసుకుని, తూటాలను వేరే గదిలో ఉంచి, బోల్టును తీసి, పాత నూనెను పూర్తిగా తుడిచి, పలుచని నూనెను కనిపించీ కనిపించనంతగా రాస్తే చాలు. తరువాత ఖాళీ రైఫిల్‌లో, ట్రిగ్గర్ జోలికి పోకుండా, ప్రతి సాయంత్రం కాసేపు బోల్టును తెరిచి మూస్తూ ఉంటే అదే దారికి వస్తుంది. పనికి ఓపిక కావాలి. ఓపిక దుకాణంలో దొరకదు, ఉప్పుకాగితం దొరుకుతుంది, చిక్కంతా అక్కడే.

అనుభవజ్ఞుడైన ఆర్మరర్ ఏం చేస్తాడు? ముందుగా బోల్టుకు రంగు పూసి, కదిలించి, ఎక్కడ రాసుకుంటున్నదో చూస్తాడు. కడ్డీ ఒంటిమీద పొడుచుకువచ్చిన గరుకును మాత్రం సన్నని సానరాయితో, నూనెతో తీసివేస్తాడు. బిగింపు చెవుల జోలికి పోడు. ఎందుకంటే .303 వంటి రైఫిల్‌లో బోల్టు ముఖానికీ తూటా ఆనే అంచుకూ మధ్య కొలతలో అనుమతించే తేడా సుమారు పావు మిల్లీమీటరు, అంటే మూడు నాలుగు తలవెంట్రుకల మందం. చెవులను మెరుగు పెట్టేవాడు ఆ కొలతనే అరగదీస్తున్నాడు. హద్దు దాటితే వెనుక ఆధారం లేని ఇత్తడి గుల్ల పేలుడులో చిట్లవచ్చు, వేడి వాయువు కంటివైపు తన్నవచ్చు. పైగా పాత రైఫిళ్లు కొన్నింటిలో ఉక్కుకు పైపొర మాత్రమే గట్టిది. అది పోతే లోపలి మెత్తదనం బయటపడి, ఇవాళ నున్నగా జారిన బోల్టు కొద్ది నెలలకే తన దారిని తానే తవ్వుకుంటుంది. ట్రిగ్గర్‌కు అడ్డుపడి సూదిని ఆపి ఉంచే మెట్టు సంగతి మరీ ప్రమాదం. దాన్ని నున్న చేస్తే, బోల్టు మూసిన అదటుకే రైఫిల్ పేలవచ్చు.

చట్టం మాట కూడా ఉన్నది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి కలిగి ఉండడానికి ఒక లైసెన్సు కావాలి. దాని 5వ సెక్షను ప్రకారం వాటిని బాగుచేసే వృత్తికి వేరే లైసెన్సు కావాలి. మొదటిది ఉన్నంతమాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. తుడవడం, నూనె రాయడం యజమాని పని. ఉక్కును అరగదీసే పని లైసెన్సుదారుడైన మరమ్మతుదారుకు అప్పగించవలసినది.

అటువంటివాడి వద్దకు పాత .303ను తీసుకుపోతే అతడు ముందు చేసే పని చిత్రంగా తోస్తుంది. బోల్టును కదిలించి చూడడు. రైఫిల్ ఒంటిమీద చెక్కిన అంకెను చదువుతాడు. తరువాత బోల్టు పిడి మొదట ఉన్న అంకెను చదువుతాడు. కర్మాగారంలో ఒక్కొక్క బోల్టును ఒక్కొక్క రైఫిల్‌కు కుదిర్చి ఒకే అంకె వేశారు గనుక, అవి రెండూ కలవకపోతే ఆ రైఫిల్‌ను పక్కన పెట్టి, కొలతబిళ్లలు ఉన్న పెట్టె తెరుస్తాడు.