పికప్పునకు తగిన భారము

ఇంట నున్న పాత రికార్డు నొకదానిని తీసి వినునపుడు గాయకుని సకారము ఈలవలె చెవిని గ్రుచ్చినచో, లేదా వయొలిను కళ తప్పినట్లు తోచినచో, రికార్డు అరిగిపోయినదని తీర్మానించి దానిని అటకమీదికి చేర్చువారు పెక్కురు. అట్లు చేరినవానిలో పెద్దలు ముచ్చటపడి కొనియుంచిన ఘంటసాలవారి భగవద్గీత వంటి లాంగ్ ప్లే రికార్డులును ఉండవచ్చును. అయితే రికార్డును తప్పుపట్టుటకు ముందు, పికప్పునకును ప్రీ ఆంప్లిఫైయరునకును పొత్తు కుదిరినదా యని చూడవలసియున్నది. ఆ పొత్తును గూర్చియే మేమిక్కడ వివరింపదలచినాము.

నేడు ఇండ్లలో ఎక్కువగా వాడబడునది కదిలెడు అయస్కాంతము గల పికప్పు. ముల్లు గాడిలో సాగుచు కంపించును. దాని రెండవ కొననున్న చిన్న అయస్కాంతము తీగచుట్టల నడుమ ఊగును. అందుచే ఆ చుట్టలలో కొలది మిల్లీవోల్టుల విద్యుత్తు పుట్టును. దీనిని పెంచునదే ప్రీ ఆంప్లిఫైయరు. పికప్పునకు ఎదురుగా అది నిలిపెడు విద్యుద్భారమునకు 'లోడు' అని పేరు. ఈ భారమున రెండంశములు గలవు: ఒకటి నిరోధము, రెండవది విద్యుత్తును నిలువచేయు గుణమగు కెపాసిటెన్సు. ఈ జాతి పికప్పులలో దాదాపు అన్నిటికిని 47,000 ఓముల నిరోధము ప్రమాణముగా స్థిరపడినది. కనుక చిక్కంతయు కెపాసిటెన్సునందే యున్నది.

మృదంగవిద్వాంసులు కచేరికి ముందు ఎడమమూతకు రవ్వముద్ద అంటించుట మన శ్రోతలెల్లరు ఎరిగినదే. ముద్ద పెరిగిన కొలది ఆ మూత పలికెడు స్థాయి దిగును. పికప్పు తీగచుట్టకు కెపాసిటెన్సు తోడైనపుడు జరుగునదియు ఇట్టిదే. రెండును కలిసి ఒక స్థాయికడ అనునాదము చెందును. కెపాసిటెన్సు పెరిగిన కొలది ఆ స్థాయి దిగును. ఆడియో టెక్నికా వారి వీఎం 95ఈ పికప్పు తీగచుట్ట ఇండక్టెన్సు 550 మిల్లీహెన్రీలు. దీనికి 170 పికోఫారడులు తోడైనచో అనునాదము సెకండునకు సుమారు 16,500 కంపనములకడ నుండును. 340 తోడైనచో అది 11,600 కడకు దిగును. అపుడా ప్రాంతమున ధ్వని ఉబుకును. దానికి పైనున్న ధ్వనులు వేగముగా క్షీణించును. శ, స అక్షరముల బుసయు, తాళముల గలగలయు కరకుగా వినబడుటకు ఇది యొక కారణము. ఇక కెపాసిటెన్సు చాలనిచో, కొన్ని పికప్పులలో తారస్థాయి కొంత క్రుంగి పాట వెలవెలబోవును.

ఈ కెపాసిటెన్సు ప్రీ ఆంప్లిఫైయరునుండి మాత్రమే రాదు. టోన్ ఆర్మ్ లోపలి సన్నతీగలదియు, బయటి షీల్డు తీగదియు దానితో చేరును. తీగలు కలిపి 120, ప్రీ ఆంప్లిఫైయరు 220 అయినచో మొత్తము 340. వీఎం 95ఈకి తయారుచేసినవారు చెప్పునది 100 నుండి 200 మాత్రమే. ప్రీ ఆంప్లిఫైయరున మార్చుకొను స్విచ్చి ఉన్నచో, దానిని 50కి త్రిప్పిన మొత్తము 170 అగును. స్విచ్చి లేనిచో పొట్టిదియు, కెపాసిటెన్సు తక్కువదియు నగు తీగ వేయవలెను. ఇందుకు విరుద్ధముగా, షూర్ వారి పాత వీ 15 టైప్ 3 పికప్పునకు 400 నుండి 500 వరకు కావలెను. కనుక పికప్పుతో వచ్చిన కాగితమునే ప్రమాణముగా గైకొనవలెను.

అయస్కాంతము కదలక తీగచుట్టయే కదిలెడు పికప్పుల తీరు వేరు. జపాను ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. సహకారముతో 1960 తరువాతి సంవత్సరములలో రూపొందిన డెనాన్ డీఎల్ 103 ఇందుకు ఉదాహరణము. దాని తీగచుట్ట 40 ఓములు; వెలువడునది 0.3 మిల్లీవోల్టు. ఇక్కడ కెపాసిటెన్సు లెక్కకు రాదు; నిరోధమే ముఖ్యము. 40 ఓముల భారము పెట్టినచో వోల్టేజి సగమగును. 400 పెట్టినచో పదింట తొమ్మిది పాళ్లు దక్కును. 1కి 10 ట్రాన్స్‌ఫార్మరు వాడునపుడు వోల్టేజి పదిరెట్లు పెరుగును గాని, భారము నూరవవంతుగా కనబడును. అనగా 47,000 ఓములు పికప్పునకు 470 ఓములే యగును.

పాత రేడియోగ్రాములలో మూడవ జాతి గలదు. అవి క్రిస్టల్, సిరామిక్ పికప్పులు. వీనికి సుమారు 10 లక్షల ఓముల భారముండవలెను. నేటి ఆంప్లిఫైయర్ల ఆక్స్ ప్రవేశమున 10,000 నుండి 50,000 ఓములే యుండుట సాధారణము. అక్కడ నేరుగా కలిపినచో మంద్రస్థాయి సన్నగిల్లి, మృదంగపు గుమికి వినబడకపోవును.

అరుగుదలను, భారదోషమును వేరుచేసి గుర్తించుట కష్టము కాదు. మొదట ముల్లు అరగలేదని నిశ్చయించుకొనవలెను. అరిగిన ముల్లు మంచి రికార్డును సైతము పాడుచేయును. పిదప వేర్వేరు గాయకుల రికార్డులు నాలుగైదు వినవలెను. కరకుదనము అన్నిటను, మొదటి గాడినుండి చివరి గాడివరకు ఒకే తీరుగా నున్నచో భారమును సరిచూడవలెను. ఒక్క రికార్డునందే, నడిమికి చేరుకొలది బొంగురుతనము హెచ్చుచున్నచో అది అరుగుదల కావచ్చును. తీగలు మార్చునపుడు మాత్రము వాల్యూము తగ్గించి, ఆంప్లిఫైయరును ఆపివేయుట మరువరాదు. ఇంతవరకు చూచిన పిమ్మటనే ఒక రికార్డు పనికిరాదని తీర్పు చెప్పుట న్యాయము.