చిన్న కెమెరా, చక్కని ఫొటో: బాంబూఫ్లాట్ వెలుగు నేర్పే పాఠాలు

దక్షిణ అండమాన్‌లో చాథమ్ జెట్టీ నుంచి ఫెర్రీ ఎక్కి సముద్రపు పాయ దాటితే బాంబూఫ్లాట్ వస్తుంది. శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఎదురొడ్డున ఉన్న ఊరు ఇది. మౌంట్ హ్యారియట్ కొండకు దారి ఇటే. 2021లో ఆ కొండ పేరు మౌంట్ మణిపూర్‌గా మారింది. పాత 20 రూపాయల నోటు వెనుక ఉన్న కొబ్బరిచెట్ల తీరం, నార్త్ బే దీపస్తంభం ఈ కొండవైపు నుంచి కనిపించేవే.

అదే దృశ్యాన్ని జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరాతో తీసినవారికి తరచూ నిరాశ ఎదురవుతుంది. ఆకాశం తెల్లగా పాలిపోతుంది, చెట్లు నల్లటి ముద్దలవుతాయి, దీపస్తంభం అలుక్కుపోతుంది. వెంటనే ఖరీదైన కెమెరా కొనాలనిపిస్తుంది. అయితే ఈ లోపాల్లో చాలావాటికి మూలం వెలుగును వాడుకునే తీరులోనే ఉంది. కెమెరా మారినా ఆ తీరు మారకపోతే లోపాలూ మిగులుతాయి.

సెన్సర్ ఎంత చిన్నది?

సాధారణ కాంపాక్ట్ కెమెరాలో సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఇది 864 చదరపు మిల్లీమీటర్లు, అంటే దాదాపు 30 రెట్లు. చిన్న సెన్సర్‌పై పడే కాంతి కణాలు తక్కువ. మసక వెలుతురులో ఐఎస్ఓ పెంచితే, ఆ కొద్దిపాటి సంకేతంతో పాటు అందులోని హెచ్చుతగ్గులూ పెద్దవై ఫొటో నిండా చుక్కలు కనిపిస్తాయి. మంచి వెలుతురులో, తక్కువ ఐఎస్ఓలో తీసిన ఫొటోను మామూలు సైజులో ముద్రిస్తే పెద్ద కెమెరా ఫొటోతో తేడా పట్టుకోవడం కష్టం.

జూమ్ చేసినప్పుడూ వెలుగు తగ్గుతుంది. దగ్గరి చివర ఎఫ్/3 ఉన్న లెన్స్ దూరపు చివర ఎఫ్/6 అయితే, సెన్సర్‌ను చేరే వెలుగు నాలుగో వంతే. వీలైతే జూమ్ చేయడానికి బదులు నాలుగడుగులు ముందుకు నడవడం మేలు. డిజిటల్ జూమ్ కొత్త వివరాలేవీ చేర్చదు. ఉన్న బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తుందంతే.

గడియారం కంటే ముందు నడిచే సూర్యుడు

భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. బాంబూఫ్లాట్ దాదాపు 92.7 డిగ్రీల వద్ద ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి ఇక్కడ సూర్యుడు గడియారం కంటే సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. జూన్‌లో ఉదయం 5 గంటలకే సూర్యోదయం, డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం. డిసెంబరులో బంగారు రంగు ఎండ కోసం 5.30కి జెట్టీ చేరేవారికి దొరికేది చీకటే. 4 గంటలకే సిద్ధంగా ఉండాలి.

మిట్ట మధ్యాహ్నమూ 11.20 ప్రాంతంలోనే వచ్చేస్తుంది. ఏప్రిల్ 21, ఆగస్టు 22 తేదీల చుట్టుపక్కల సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ముఖాలు తీస్తే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. మనిషిని చెట్టు నీడలోకి తీసుకురావాలి, లేదా పగలే ఫ్లాష్ వేయాలి. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కనుక రెండు మూడు మీటర్లలోనే నిలబడాలి.

కెమెరా అంచనాను సరిదిద్దడం

కెమెరాలోని మీటరు, ఎదురుగా ఉన్నది ఏదైనా మధ్యస్థ బూడిద రంగు తీవ్రతలో ఉంటుందనుకుంటుంది. అందుకే తెల్లని ఇసుక మసకబారుతుంది, దట్టమైన అడవి వెలిసిపోతుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్‌తో ఇసుక తీరంలో +1 వైపు, ముదురు చెట్ల మధ్య -1 వైపు జరిపి చూడాలి. ఆకాశం ముఖ్యమైతే దాని వివరాలు పోకుండా కొంచెం తగ్గించి తీయాలి.

ఫెర్రీ డెక్ మీద రెయిలింగ్‌కు మోచేతులు ఆనిస్తే ఇంజిన్ కంపనం నేరుగా కెమెరాకు చేరుతుంది. మోచేతులు ఒంటికి ఆనించి, సెకనులో 500వ వంతు లేదా అంతకంటే వేగంగా తీయడం నయం. ఒడ్డున గోడమీద కెమెరా పెట్టి రెండు సెకన్ల టైమర్ వాడితే ట్రైపాడ్ లేని లోటు చాలావరకు తీరుతుంది.

తేమ, ఉప్పు

ఏసీ గదిలో చల్లబడిన లెన్స్‌ను బయటికి తెస్తే గాలిలోని తేమ దానిపై మంచులా పేరుకుంటుంది. కెమెరాను మూసిన ప్లాస్టిక్ సంచిలో ఉంచి, బయటి వేడికి అలవాటుపడ్డాక తీయాలి. సముద్రపు తుంపరలు ఆరాక మిగిలే ఉప్పు పొర ఫొటోను మసకబారుస్తుంది. ముందు గాలితో ఊది, ఆ తర్వాతే మెత్తని గుడ్డతో తుడవాలి. పొడి రేణువులను అలాగే రుద్దితే గీతలు పడతాయి.

చిన్న కెమెరాకు పెద్ద పని

2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో శ్రీ విజయపురం పరిసరాల్లో నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ వంటి చోట్ల పొలాల్లోకి ఉప్పునీరు చేరి నిలిచిపోయింది. ఇలాంటి తీరంలో ఒకే చోటు నుంచి, ఒకే దిశలో, ఆటుపోట్ల ఒకే దశలో ఏటా తీసిన ఫొటోలు ఒడ్డు ఎంత జరిగిందో, మడచెట్లు ఎక్కడ ఎండాయో, ఎక్కడ మళ్లీ మొలిచాయో చూపే ఆధారాలవుతాయి. దీనికి కావలసింది క్రమశిక్షణ, సరైన తేదీ. కాంపాక్ట్ కెమెరా సరిపోతుంది.

కొత్తది ఎప్పుడు కొనాలి?

కొన్ని నెలలు ఈ పద్ధతులు పాటించి, బాగా రాని ఫొటోలను పక్కన పెట్టి కారణం రాసుకోవాలి. చేయి కదలడం, వేళ తప్పడం, ఎక్స్‌పోజర్ సరిచేయకపోవడం వంటివే ఎక్కువగా కనిపిస్తే డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. దూరపు కొమ్మ మీది పక్షి, చీకటి పడ్డాక కదిలే పడవ వంటి దృశ్యాలే పదేపదే విఫలమైతే, అప్పుడు పెద్ద సెన్సరో పొడవైన లెన్సో నిజమైన అవసరం. ఏది కొనాలో ఆ జాబితాను బట్టే తేలుతుంది.