పుస్తకం పక్కన పలక

కంప్యూటరు పాఠాల కోసం దివిసీమ పిల్లలు ఇప్పుడు ప్రతిసారీ బందరుకో, గుడివాడకో బస్సెక్కి పోనక్కరలేదు. పాఠ్యపుస్తకం ఇ-పుస్తకమై కంప్యూటరులోకే వచ్చింది. కాని ఇందులో ఒక చిక్కున్నది. చదవవలసిన పుస్తకమూ, చేయవలసిన పనీ రెండూ ఒకే తెర మీద ఉంటాయి. ఒకటి తెరిస్తే రెండవది దాని వెనక దాక్కుంటుంది!

ఎక్కాల పుస్తకం చూసి రాసేటప్పుడు పలకను పుస్తకం మీద పెడతామా? పెట్టం. రెండూ పక్కపక్కన పెట్టుకుంటాం. కంప్యూటరు ముందు కూర్చోగానే ఈ సంగతి మరిచిపోతాం.

అందువల్ల ఏమవుతుందో చూడండి. ఒకనాడు మచిలీపట్నంలో 40, గుడివాడలో 10, అవనిగడ్డలో 40 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. సగటు 30 గదా! ఈ అంకెలను ఎక్సెల్‌లో బి2, బి3, బి4 గళ్లలో వేసి, =యావరేజ్(బి2:బి4) అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టమని పుస్తకం చెబుతుంది. ఒక అమ్మాయి అది చదివి, పుస్తకాన్ని తప్పించి, పని తెరిచి, రెండు చుక్కలకు బదులు కామా కొట్టింది. జవాబు 40 వచ్చింది! ఎందుచేత? రెండు చుక్కలంటే ‘ఇక్కడి నుంచి అక్కడి దాకా’ అని అర్థం. కామా అంటే ‘ఇదీ, అదీ’ అని మాత్రమే. గుడివాడ వాన లెక్కలో నుంచి జారిపోయింది. కంప్యూటరు తప్పని చెప్పలేదు. అడిగినదానికి అది సరిగానే జవాబిచ్చింది మరి!

ఆ అమ్మాయి మందబుద్ధి కాదు. మనస్సు ఒక్కసారిగా మోయగల బరువు తక్కువ. అది సుమారు ఏడు అంశాలని 1956లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లరు రాశాడు. నాలుగేనని తరవాతి పరిశోధకులు కొందరు అన్నారు. పుస్తకం కంటికెదురుగా ఉంటే ఈ బరువు మోయనక్కరలేదు.

తెర మీద కనిపించే ఈ చట్రాలను విండోలు, అంటే కిటికీలు, అంటారు. 1985లో వచ్చిన మొదటి విండోస్‌లో ఇవి గచ్చు మీద పలకల్లాగా పక్కపక్కనే ఉండేవి. 1987లో వచ్చిన రెండవ విండోస్‌లో కాగితాల్లాగా ఒకదానిపై ఒకటి పడటం మొదలైంది. వాటిని సులువుగా పక్కపక్కన చేర్చే ఉపాయం 2009లో విండోస్ 7తో వచ్చింది.

ఆ ఉపాయం ఇది. ముందు అక్కరలేని కిటికీలన్నీ మూసేయండి. పుస్తకం మీద ఒకసారి నొక్కి, విండోస్ గుర్తున్న మీటను పట్టుకుని ఎడమ బాణం మీట నొక్కండి. పుస్తకం ఎడమ సగంలో కుదురుకుంటుంది. అలాగే పని కిటికీకి కుడి బాణం నొక్కండి. విండోస్ 10, 11లలో మధ్యనున్న అంచును మౌసుతో జరిపి, పనికి ఎక్కువ చోటివ్వవచ్చు. పుస్తకంలో అక్షరాలు చిన్నవైతే కంట్రోలు మీటను పట్టుకుని ప్లస్ నొక్కండి.

తెర మరీ చిన్నదా? పుస్తకాన్ని ఇంట్లోవారి ఫోనులో తెరిచి పక్కన పెట్టుకోండి. అదీ కుదరకపోతే ఆల్ట్, ట్యాబ్ మీటలతో అటూ ఇటూ మారుతూ, ఒక్కొక్క మెట్టే చదివి చేయండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ‘నీకు చదువు రాదు’ అనేముందు, పిల్లల తెర ఎలా సర్ది ఉన్నదో ఒకసారి చూడండి.

పిల్లలూ, ఇవాళ మీరూ ఆ మూడు ఊళ్ల లెక్క వేయండి. 30 వస్తే గుడివాడ వాన కూడా లెక్కకు వచ్చినట్టే!