పాత కమిట్లను పారేయకండి

డొంకరాయి పవర్‌హౌస్ సామర్థ్యం 25 మెగావాట్లే. కానీ సీలేరు నీళ్లు ఇక్కడి జలాశయం దాటి, కాలువ పట్టి వెళ్తేనే కింద పొల్లూరులో 115 మెగావాట్ల యూనిట్లు తిరుగుతాయి. అందుకే యూనిట్ ఏ వేళ ఆగింది, ఎందుకు ఆగింది, ఎవరి షిఫ్టులో ఆగింది అన్నదంతా లాగ్‌బుక్‌లోకి ఎక్కాల్సిందే. మా నాన్న అక్కడ ఆపరేటర్‌గా చేశారు. ఒక అంకె తప్పు పడితే దాని మీద గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం చేసేవారు. కాగితం చింపడమన్న మాటే లేదు.

నేను చేసే సాఫ్ట్‌వేర్ పనిలో ఆ లాగ్‌బుక్ పేరు వెర్షన్ కంట్రోల్. ప్రోగ్రాంలో ఒక మార్పు చేసి, ఎందుకు చేశామో నాలుగు ముక్కలు రాసి భద్రపరిస్తే అది ఒక కమిట్. అలాంటి కమిట్లన్నీ ఉండే చోటు రిపోజిటరీ. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో అందులో ఉంటుంది. ప్రతి కమిట్‌కూ దాని సారం నుంచి లెక్కగట్టిన ఒక గుర్తు ఉంటుంది. ఆ లెక్కలో అంతకు ముందు కమిట్ గుర్తు కూడా కలుస్తుంది. ఎప్పటిదో ఒక పాత కమిట్‌లో అక్షరం మార్చినా ఆ తర్వాతి గుర్తులన్నీ మారిపోతాయి. దొంగచాటుగా దిద్దితే దొరికిపోతారు.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది గిట్. దీన్ని 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ రాశారు. అంతవరకూ లైనక్స్ బృందం వాడిన బిట్‌కీపర్ అనే పనిముట్టును ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో ఆయనే పూనుకున్నారు. అయితే లైనక్స్‌ను గిట్‌లోకి తెచ్చేటప్పుడు పాత చరిత్రను వదిలేసి, 2.6.12 వెర్షన్ తొలి ప్రతుల్లో ఒకదానితో మొదలుపెట్టారు. చరిత్ర అంతా ఎక్కిస్తే 3.2 గిగాబైట్లవుతుంది, కొత్త పనిముట్టుకు అప్పుడే అంత భారం వద్దు, కావాలంటే తర్వాత విడిగా చేసుకోవచ్చని కారణం కూడా రాసి పెట్టారు. 1991 నుంచి నడుస్తున్న ప్రాజెక్టులో ఒక పాత వరుస ఎందుకు ఉందని వెతుక్కుంటూ వెళ్తే ఇప్పటికీ 2005 దగ్గర గోడ తగులుతుంది. బిట్‌కీపర్ కాలపు చరిత్రను తర్వాత థామస్ గ్లైక్స్‌నర్ విడి రిపోజిటరీగా గిట్‌లోకి మార్చి పెట్టారు, కాబట్టి ఆ గోడ దాటే దారి ఉంది. పాతది ఎక్కడో భద్రంగా ఉండబట్టే అది కుదిరింది.

అంత చరిత్రతో పనేముందని అడిగేవాళ్లకు నేను ముందు చూపించేది బైసెక్ట్. నిరుడు బాగా పనిచేసింది, ఇవాళ పనిచేయడం లేదు, మధ్యలో వెయ్యి కమిట్లున్నాయి అనుకోండి. నడిమి కమిట్‌ను పరీక్షిస్తే తప్పు ఏ సగంలో ఉందో తెలుస్తుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. వెయ్యికి పది పరీక్షలు చాలు. 2020లో పది లక్షల కమిట్లు దాటిన లైనక్స్ లాంటి ప్రాజెక్టు మొత్తాన్ని గాలించాలన్నా సుమారు ఇరవై చాలు. ఆ వెయ్యినీ ఒకే ముద్దగా కలిపేస్తే మిగిలేది ఆ ముద్ద ఒక్కటే. తప్పు అందులోనే ఉందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలియదు.

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా పెద్దది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించి తవ్వితే, లోకమంతా వాడే ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి కనిపించింది. దాని సరుకును పరీక్ష ఫైళ్ల రూపంలో రిపోజిటరీలోనే దాచారు. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టును మాత్రం కమిట్లలో లేకుండా, విడుదల చేసిన ప్యాకేజీలోనే పెట్టారు. చరిత్రకూ ప్యాకేజీకీ తేడా పట్టుకోగలిగారు. దొంగదారి పెట్టినవారు వాడిన జియా టాన్ అన్న పేరుతో చేరిన మార్పులను ఒక్కొక్కటిగా వెనక్కి వెళ్లి తనిఖీ చేయగలిగారు. చరిత్రే లేకపోతే ఏ తేదీ నుంచి నమ్మకూడదో ఎవరు చెబుతారు?

ఇంజనీర్లకే కాదు, మామూలు పాఠకులకూ ఇలాంటి చరిత్ర అందుబాటులో ఉంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి పేజీకీ దాని మార్పుల చరిత్ర ఉంటుంది. డొంకరాయి 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. ఇలా జిల్లా మారిన ఊళ్ల పేజీల్లో పాత కూర్పులు తెరిచి చూడండి, జిల్లా పేరును ఎవరు, ఎప్పుడు మార్చారో తెలుస్తుంది.

మా కొండల్లో సిగ్నల్ ఉన్నా లేనట్టే. గిట్‌లో క్లోన్ చేసుకుంటే చరిత్ర అంతా నా ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. ఆ తర్వాత నెట్ లేకుండానే ఐదేళ్ల నాటి కమిట్ చదువుకోవచ్చు, కొత్తది రాసుకోవచ్చు. నెట్ వచ్చినప్పుడు కొత్త మార్పులు మాత్రమే అటూ ఇటూ వెళ్తాయి. మొదటి క్లోన్‌కు ఓపిక కావాలి. తొందరగా ఉంటే తాజా కమిట్ ఒక్కటే దించుకుని, మిగతా చరిత్రను తర్వాత తెచ్చుకునే వీలూ ఉంది.

చరిత్ర అంతా ఉంచుకోవడంలో ప్రమాదం లేకపోలేదు. పొరపాటున కమిట్ చేసిన పాస్‌వర్డ్‌ను తర్వాత తుడిచేసినా చరిత్రలో అలాగే ఉంటుంది. వెంటనే పాస్‌వర్డ్‌నే మార్చేయాలి. పెద్ద వీడియో ఫైళ్లు చేరిస్తే రిపోజిటరీ ఉబ్బిపోతుంది, వాటిని మొదటి నుంచీ విడిగా ఉంచాలి. ఈ రెండూ జాగ్రత్త పడాల్సిన విషయాలు, చరిత్రను పారేయడానికి సాకులు కావు.

నేను చూసిన ఒక ప్రాజెక్టులో పని చేతులు మారేటప్పుడు పాత బృందం కొత్త బృందానికి జిప్ ఫైలు ఒకటి పంపి చేతులు దులుపుకుంది. వడ్డీ లెక్కలో పైసలను ఒక తేదీ వరకూ ఒకలా, ఆ తర్వాత ఇంకోలా సవరించే నాలుగు వరుసలు అందులో ఉన్నాయి. ఎందుకో చెప్పే కమిట్ లేదు. వాటిని తీసేసే ధైర్యం ఎవరికీ రాలేదు, అర్థం చేసుకునే దారీ లేదు. ప్రభుత్వ శాఖలైనా, బ్యాంకులైనా, చిన్న కంపెనీలైనా సాఫ్ట్‌వేర్ చేయించుకునేటప్పుడు ఒప్పందంలో ఒక్క వాక్యం అడిగి రాయించుకోండి: తాజా కోడ్‌తో పాటు రిపోజిటరీని మొదటి కమిట్ నుంచి అప్పగించాలని.