గడ్డ పరిమాణము చెప్పని సంగతులు

శ్రోతల లేఖలలో ఒక ప్రశ్న మాకు తరచు కనబడుచుండును. ఇద్దరు స్త్రీలకు రొమ్ములో గడ్డ లేచినది. ఇంచుమించు ఒకే పరిమాణము, ఒకే వయస్సు. శస్త్రచికిత్స జరిగి పదేండ్లయినను ఒకరు సుఖముగా నున్నారు. రెండవవారికి రెండేండ్లు తిరుగకముందే రోగము కాలేయమునకు పాకినది. ఇది విధివిలాసమా, వైద్యుని లోపమా అని అడుగుదురు. రెండును కాకపోవచ్చును. పైకి ఒకటిగా కనబడిన గడ్డలలోని జీవకణములు వేరు వేరు. ఆ భేదమును పట్టి యిచ్చునవి కొన్ని మాంసకృత్తులు.

మాంసకృత్తులనగానే గృహిణులకు కందిపప్పు, గ్రుడ్డు, పాలు స్ఫురించును. ఇచ్చట మేము చెప్పునవి ఆహారములోనివి కావు. శరీరము తనకు కావలసిన మాంసకృత్తులను వేలకొలది రకములుగా తానే తయారు చేసికొనును. వానిలో కొన్ని కణమునకు చెవుల వంటివి. బయటినుండి వచ్చు ఆజ్ఞను విని, పెరుగుమనియో ఆగుమనియో లోపలికి తెలుపును. వీనినే గ్రాహకములందురు.

రొమ్ములోని గడ్డ రొమ్ములోనే ఉన్నంతవరకు ప్రాణము తీయదు. కణములు విడివడి చంకలోని బిళ్ళలకును, రక్తము ద్వారా దూరపు అవయవములకును పోవుటయే ప్రమాదము. 1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పాజెట్ ఈ రోగముతో మరణించిన 735 మంది వివరములను పరిశీలించెను. రక్తము ఎచ్చటికి పోయిన అచ్చటికి రోగము పోవునన్నచో, కాలేయమునకు వలెనే ప్లీహమునకును సోకవలెను గదా! కాలేయములో తరచుగాను, ప్లీహములో అరుదుగాను కనబడినది. విత్తనము ఎల్లెడల చల్లబడినను తగిన నేలలోనే మొలచునని ఆయన తేల్చెను. సేద్యమెరిగిన మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కాని విత్తనములలోని జాతిభేదము ఆనాడు కంటికి కనబడలేదు.

నేడు కనబడుచున్నది. కణములను ఒకదానికొకటి అంటియుంచు జిగురు వంటి మాంసకృత్తు ఇ-కాథెరిన్. లోబ్యులర్ అను రకములో ఇది సాధారణముగా లోపించును. అందువలన కణములు ముద్దకట్టక వరుసలు తీరి ప్రాకును. గడ్డ చేతికి స్పష్టముగా తగులకపోవుటయు కద్దు.

ఈస్ట్రోజెన్ గ్రాహకముగల రకము సుమారు 70 శాతము. ఇది సాధారణముగా మెల్లగా నడచును, ఎముకలపై దీనికి మక్కువ యెక్కువ, పదునైదేండ్ల తరువాత తిరిగి తలయెత్తుటయు కలదు. ఆ గ్రాహకమునకు అడ్డుపడు మాత్రలను అయిదేండ్లు, కొందరికి పదేండ్లు ఇచ్చుట ఇందుకే. నడుమ మానివేయుట మంచిది కాదు. గుర్తులేవియు లేని రకము తిరుగబెట్టినచో చాలవరకు మొదటి అయిదేండ్లలోనే. ఊపిరితిత్తులకును మెదడునకును ఎక్కువగా పోవును.

అన్నింటికంటె ఆశ్చర్యకరమైనది హెర్-2 కథ. 1987లో లాస్ ఏంజెలిస్ నగరమున డెనిస్ స్లేమన్ బృందము 189 గడ్డలను పరీక్షించినది. సుమారు 30 శాతములో హెర్-2ను తయారుచేయు జన్యువునకు మితిమీరిన ప్రతులుండెను. (నేటి లెక్కలలో ఈ పాలు 15 నుండి 20 శాతము.) కణముపై ఈ మాంసకృత్తు గుంపులుగా నిలిచి, ఎవరు పిలువకున్నను పెరుగుమని కేకలు వేయుచుండును. అట్టి స్త్రీలకు రోగము త్వరగా తిరుగబెట్టినది, ఆయుర్దాయము తగ్గినది. అయితే కణము వెలుపలికి పొడుచుకొని వచ్చినదానిని వెలుపలినుండియే పట్టుకొనవచ్చును గదా! ఆ యూహతో పుట్టిన ట్రాస్టుజుమాబ్ అను మందును 1998లో అమెరికా ఆమోదించినది. శస్త్రచికిత్స తరువాత దీనిని వాడినచో రోగము తిరుగబెట్టు అవకాశము ఇంచుమించు సగమునకు తగ్గునని 2005లో పెద్ద పరిశోధనలు చూపినవి. చెడ్డవార్తగా నుండిన గుర్తే చికిత్సకు దారి యైనది. గుండెకు శ్రమ కలిగించు అవకాశమున్నందున గుర్తు లేనివారికి ఊరక ఇయ్యదగిన మందు కాదు.

పాథాలజీ నివేదికలో ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 అని మూడు పంక్తులుండును. హెర్-2 ఎదుట 3+ ఉన్నచో గుర్తున్నట్లు. 0 లేక 1+ ఐనచో లేనట్లు లెక్క. 2+ ఐనచో తేలలేదన్నమాట. ఫిష్ అను మరియొక పరీక్ష జరుగవలెను. 2+ దగ్గర ఆగిన నివేదికను చూచి ఊరకుండక వైద్యుని అడుగుడు. వ్యాపించిన రోగమునకు 2022 నుండి ఒక క్రొత్త మందును 1+ వారికిని ఇచ్చుచున్నారు. కావున ఆ కాగితమును పారవేయరాదు.

సూది గుచ్చినచో కాన్సరు చెలరేగునను భయము మన యిండ్లలో బలముగా నాటుకొన్నది. సూదిపరీక్ష వలన ఆయుర్దాయము తగ్గునని నిరూపణ లేదు. ఆ ముక్క లేనిదే పై మూడు పంక్తులను ఎవరును వ్రాయజాలరు. ఈ భయముతో నెలలు గడపినవారి నష్టము మాత్రము నిజమైనది.

ఇక రక్తములో సి.ఎ. 15-3 చూచి కాన్సరును ముందే కనిపెట్టుదుమను ప్రకటనలు కలవు. ఆరోగ్యవంతులకు అది తగిన పరీక్ష కాదు. తొలిదశలో తరచు మామూలుగానే యుండును, కాలేయవ్యాధులలో ఊరకనే పెరుగును. వ్యాపించిన రోగమునకు చికిత్స పనిచేయుచున్నదో లేదో చూచుటకే అది ఉపకరించును. అట్లు వ్యాపించినప్పుడు, వీలైనచో క్రొత్త చోటినుండి చిన్నముక్క తీసి గుర్తులను మరల పరీక్షింపవలెను. పాకిన కణములు కొందరిలో మొదటి గడ్డ గుర్తులను పోగొట్టుకొనును, కొందరిలో క్రొత్త గుర్తులను తెచ్చుకొనును.